ఎడమ పక్క పగులు

పోయిన వారం కత్తెరక్క ఫోను ఎలా పెట్టేసిందో చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. చదవనివాళ్లకు చెప్పాలంటే, అది పెట్టేయడం కాదు, విసిరేసినంత పని. అవతల మాట్లాడింది మేనకోడలు. ఏడేళ్ల పిల్ల. పొద్దస్తమానం కిచకిచలాడుతుందని ఇంటిల్లిపాదీ దాన్ని పిచ్చుక అంటారు. ఆ పిచ్చుక ఎంతో హుషారుగా, "అత్తా, నీకు తెలుసా, పిన్ని ఎక్లేర్లు చేస్తుంది కదా, పగిలినవన్నీ నాకు పెడుతుంది. నున్నగా ఉన్నవి డబ్బాలో వేసి పై అరలో పెట్టేస్తుంది" అంది.

అంతే! అత్తకు అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్ల గొంతులోని హుషారు ఆవిడ చెవికి ఆనలేదు. తల్లి లేని పిల్ల, సవతి తల్లి, పగిలినవి, డబ్బా, పై అర. ఈ ముక్కలన్నీ కలిపి క్షణంలో కుట్టేసింది. కుట్టడం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య. సొంత టైలరింగ్ షాపు మరి. చేతిలో ఒక కత్తెర, నోట్లో ఇంకో కత్తెర. కత్తెరక్క అన్న పేరు పెట్టింది కూడా ఎవరో కాదు, పోయిన మరదలే, పిచ్చుక కన్నతల్లి. ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే వాళ్ల పని అయిపోయేది. ఆ మరదలు అంటే మాత్రం మురిసిపోయేది.

ఆ మరదలు జబ్బుచేసి పోయి రెండేళ్లు దాటింది. తమ్ముడు లిఫ్టు మెకానిక్. కిందటేడు ఓ పెద్ద హోటల్ వంటింట్లో పేస్ట్రీలు చేసే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఆ పెళ్లి వెనక కథ చుట్టాలందరికీ చెప్పిందే చెప్పి వాళ్ల చెవులు చిల్లులు పొడిచాడు. తల్లి పోయాక పిచ్చుక ఎక్లేర్, అదే లోపల క్రీమూ పైన చాక్లెట్టూ ఉండే ఆ పేస్ట్రీ, ముట్టడమే మానేసిందట. ఊళ్లో ఏ షాపు నుంచి తెచ్చినా పక్కకు తోసేసేదట. చివరికి ఓ రోజు ఆ హోటల్ కౌంటర్లో కొన్నది కొరికీ కొరకగానే, "నాన్నా, ఇది అమ్మది" అందట. "ఎక్కడో ముక్కూమొహం తెలియని మనిషి చేసినదాన్ని పట్టుకుని అమ్మది అనడమేంటక్కా! పోయినావిడే నాకు దారి చూపించింది" అని తమ్ముడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పోయినవాళ్లకు ఇంకేం పని లేదా అనుకుంది కత్తెరక్క. అనుకుంది గానీ, పైకి అనలేదు. ఆవిడ పైకి అనకుండా ఊరుకున్న మాట బహుశా అదొక్కటే.

ఫోను విసిరేసిన మర్నాడు తమ్ముడితో తేల్చి చెప్పేసింది. "పిల్లను తీసుకెళ్లిపోతా. నా దగ్గరే ఉంటుంది, నా దగ్గరే చదువుకుంటుంది. సవతి చేతి కింద దాన్ని పెరగనివ్వను." తమ్ముడు నీళ్లు నమిలాడు. అక్క మాటకు అడ్డు చెప్పడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు.

అదీ సంగతి. ఇక ఇవాళ్టిలోకి వద్దాం.

మొదటి బస్సుకే బయలుదేరి వచ్చిన కత్తెరక్కకు పిచ్చుక కిందనే ఎదురైంది. పక్కింటి పిల్లలతో ఆడుకుంటున్నదల్లా ఒక్క పరుగున వచ్చి నడుం చుట్టుకుంది. "సాయంత్రం నేను నీతో వస్తున్నానంట కదా! పిన్ని కూడా వస్తుందా?" అని అడిగి, జవాబు వినకుండానే మళ్లీ ఆటలోకి పారిపోయింది. ఆ ప్రశ్న కత్తెరక్క కాల్లో ముల్లులా దిగింది. అయినా కుంటుకుంటూనే కోపం మాత్రం దించకుండా మూడంతస్తులూ ఎక్కింది.

ఇల్లంతా వెన్న కాగిన వాసన. తమ్ముడు లేడు, ఏదో ఆసుపత్రిలో లిఫ్టు ఆగిపోయిందని ఫోనొస్తే వెళ్లాడు. వంటింట్లో కొత్త మరదలు ఒక్కతే ఉంది. చిన్న వంటిల్లు. ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు గుమ్మంలో ఉండాల్సిందే. కిటికీ పక్కన పొయ్యి, దాని పక్కన స్టీలు బల్ల మీద గాజు తలుపు ఓవెను.

"రండి వదినా. ప్రయాణం బాగా జరిగిందా? కూర్చోండి, మంచినీళ్లు..."

కత్తెరక్క కూర్చోలేదు. మంచినీళ్లు తాగలేదు. స్టూలు లాక్కుని ఎక్కి, పై అరలో చెయ్యి పెట్టి డబ్బా దించింది. మూత తీసింది. లోపల ఎక్లేర్లు బారులు తీరి ఉన్నాయి. ఒక్కొక్కటీ వేలెడు పొడవు, ఒళ్లంతా బంగారు రంగు, నెత్తిన అద్దంలా మెరిసే చాక్లెట్. ఒక్కదానికి వంకర లేదు, గీత లేదు.

"ఇవేంటి?"

"మీ కోసమే వదినా. పొద్దున్నే చేశాను."

"నా కోసమా! మరి పోయిన వారం ఎవరి కోసం? ఆ ముందు వారం ఎవరి కోసం? వచ్చేపోయే వాళ్లకు నున్నవీ, కన్నతల్లి లేని పిల్లకు పగిలినవీనా? ఇదేనా నువ్వు దాన్ని చూసుకునే తీరు?"

కొత్త మరదలు మొహం పాలిపోయింది. "నున్నవి పిల్ల ముట్టదు, పగిలినవే ఇష్టం వదినా" అంది మెల్లగా.

"ఎవరికి చెప్తావమ్మా కథలు? పగిలినవి ఏ పిల్లకైనా ఇష్టమవుతాయా? మా మరదలు చేసే ఎక్లేర్లు నువ్వు చూడలేదులే. నేనొచ్చినప్పుడల్లా పళ్లెం నిండా చేసి పెట్టేది. ఏ హోటల్లోనూ నేర్చుకోలేదది. అయినా అద్దంలా ఉండేవి. నువ్వు అంత పెద్ద చోట పని చేసి కూడా పగలగొట్టి పెడుతున్నావంటే అది చేతకాక కాదు, మనసు లేక!"

ఈ మాటకు ఎవరైనా ఏడుస్తారు, లేదా తిరగబడతారు. కొత్త మరదలు ఆ రెండూ చెయ్యలేదు. పెదవి చివర సన్నగా ఏదో కదిలింది, నవ్వొచ్చినా ఆపుకున్నట్టు. అది చూసి కత్తెరక్కకు ఒళ్లు మరింత మండింది.

"ఇప్పుడు పిచ్చుక కోసం చెయ్యబోతున్నాను వదినా. పిండి ఇంకా కలపలేదు. మీరు కూర్చుని చూడండి. చూశాక ఏమన్నా పడతాను, సాయంత్రం పిల్లను తీసుకెళ్లినా మాట్లాడను."

"నేను చూడకేం! బాగా చూస్తాను" అని కత్తెరక్క స్టూలు గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది. డబ్బా మాత్రం ఒళ్లోనే ఉంది. సాక్ష్యం కదా.

కొత్త మరదలు గిన్నెలో నీళ్లూ, కాసిని పాలూ, వెన్నా, చిటికెడు ఉప్పూ వేసి పొయ్యి మీద పెట్టింది. కుతకుత ఉడకగానే గిన్నె దించి, మైదా అంతా ఒక్కసారిగా కుమ్మరించింది. దోసెడు దోసెడు వేస్తుందేమో, ఉండలు కట్టిస్తుందేమో అని కాచుకున్న కత్తెరక్కకు ఆ అవకాశం దొరకలేదు. చెక్క గరిటె గిర్రున తిరిగింది. చూస్తుండగానే జావలా ఉన్నది ముద్దయింది. గిన్నె మళ్లీ సన్నమంట మీదకెక్కింది. ఈసారి గరిటె తిరగడం కాదు, ముద్దను అటు నొక్కి ఇటు మడిచి, ఇటు నొక్కి అటు మడిచి చెమ్మంతా పిండేస్తోంది. భుజం నుంచి మణికట్టు దాకా చెయ్యి మొత్తం పనిచేస్తోంది గానీ మనిషి మాత్రం కదలడం లేదు. గిన్నె అడుగున పలచటి పొర కట్టి చిన్నగా చిటపటమంది. ఆ చప్పుడు కోసమే చెవి ఒగ్గి ఉన్నట్టు ఆమె ఠక్కున మంట ఆపేసింది.

కత్తెరక్క మనసులో ఏదో సర్దుకుంది. ఎంత కోపం మీదున్నా, పని తెలిసిన మనిషి పనిచేస్తుంటే ఆవిడ కళ్లు పక్కకు తిప్పుకోలేదు. షాపులో ఎంతమంది అమ్మాయిలకు కుట్టు నేర్పిందో. మొదటి రోజు చెయ్యి చూస్తేనే తెలిసిపోతుంది, ఇది పని చేసే చెయ్యా, పని చేస్తున్నట్టు నటించే చెయ్యా అని. ఈ చేతికి నటన రాదు.

పళ్లెంలో పరిచిన ముద్ద గోరువెచ్చగా చల్లారాక కొత్త మరదలు గుడ్లు కొట్టి, గిలక్కొట్టి, కొంచెం కొంచెంగా పోస్తూ కలపసాగింది. మొదట ముద్ద మొండికేసింది. ముక్కలు ముక్కలుగా విడిపోయి, ఇదిక కలవదు బాబోయ్ అనిపించింది. ఆమె కంగారు పడలేదు. పోసింది, తిప్పింది. పోసింది, తిప్పింది. ఉన్నట్టుండి పిండి మెత్తబడి పట్టులా జారింది.

"ఇందులో సోడా వెయ్యలేదేం? ఈస్టు?" ఉండబట్టలేక అడిగేసింది కత్తెరక్క.

"అక్కర్లేదు వదినా. లోపల ఉన్న చెమ్మ ఆవిరై అదే పొంగిస్తుంది. లోపలంతా గుల్ల అవుతుంది. ఆ గుల్లలోకే క్రీము ఎక్కించేది." ఒక్క క్షణం ఆగి, "ఒకటి తిని చూడండి. డబ్బా మీ ఒళ్లోనే ఉంది కదా" అంది.

కత్తెరక్క తినకూడదనే అనుకుంది. కానీ తినకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు కదా! అందుకని ఒకటి తీసి కొరికింది. పైన పెళుసుగా చిట్లింది, లోపల చల్లటి క్రీము నాలుక మీద పరుచుకుంది. తీపి తక్కువ, కమ్మదనం ఎక్కువ. పాలు ఎంత ఓపిగ్గా కాచిందో, గుడ్డు సొనలో వేడి పాలు ఎంత నిదానంగా పోసిందో, వండుతూ ఒక్క నిమిషం కూడా గరిటె ఎలా వదల్లేదో ఆ నునుపే చెబుతోంది. కత్తెరక్క వేళ్లకంటిన చాక్లెట్ తుడుచుకుంది. ఒకటి తింటే ఏం తెలుస్తుందని రెండోది తీసింది.

"బాగానే ఉంది" అంది చివరికి, పళ్ల మధ్య నుంచి. ఆవిడ నోట ఆ మాట వినడానికి షాపులో అమ్మాయిలకు ఏడాది పట్టేది.

సరిగ్గా అప్పుడు ఆవిడ కంట్లో ఓ సంగతి పడింది. గుడ్డు సొన కొంచెం గిన్నెలో మిగిలిపోయి ఉంది. పిండికి ఇంకా పడుతుంది, ఇంకొంచెం జారుగా ఉండాలి. ఎప్పుడూ ఎక్లేర్ చెయ్యని తనకే తెలుస్తోంది. ఆమెకు తెలియదా? ఆమె మిగిలిన సొన వైపు చూసింది కూడా. చూసి, పక్కకు జరిపేసింది. ఆ పైన పిండిని బారులుగా దించే క్రీము సంచీ, మూతికి పళ్లున్న స్టీలు నాజిలూ అక్కడే కడిగి ఆరబెట్టి ఉంటే, వాటిని ముట్టుకోలేదు. ఖాళీ పాల ప్యాకెట్ ఒకటి తీసి పిండి అందులోకి నింపింది. సొరుగులోంచి కత్తెర తీసింది.

కుడిచేత్తో తీసిన కత్తెరను ఎడమచేతిలోకి మార్చుకుంది.

కత్తెరక్క నోట్లో ఎక్లేర్ ముక్క అలాగే ఉండిపోయింది. కొత్త మరదలు ఎడమచేత్తో, అలవాటు లేని చేత్తో, నాలుక కొస పళ్ల మధ్య నొక్కిపట్టి, ప్యాకెట్ మూల కత్తిరించింది. కోత వంకరగా వచ్చింది. వంకరంటే మామూలు వంకర కాదు, పైనుంచి లోపలికి వాలిపోయిన వంకర. కుడిచేతివాళ్ల కత్తెరను ఎడమచేతివాళ్లు పడితే గుడ్డ మడత తొలిగి వచ్చే వాలు అది. ఆ వాలు లోకంలో ఇంకెవరూ గుర్తుపట్టకపోయినా కత్తెరక్క గుర్తుపడుతుంది. ఒక ఎడమచేతివాటం మనిషికి కుట్టు నేర్పబోయి, నూలుపోగు వెంటే కత్తిరించవే తల్లీ అని నెత్తీనోరూ బాదుకుని, చివరికి నవ్వుతూ దండం పెట్టేసింది. ఆ మనిషి ఇప్పుడు లేదు.

ఆమె పళ్లెం మీద పిండిని బారులుగా దించింది. వంకర మూతిలోంచి ఒక పక్క లావుగా, ఒక పక్క పలచగా వచ్చాయి. పళ్లేన్ని ఓవెన్లో పెట్టి తలుపు మూసింది.

"నీది కుడిచేతి వాటం కదా?" కత్తెరక్క గొంతు ఆవిడకే కొత్తగా వినిపించింది.

"అవును వదినా."

"అలా కత్తిరించడం ఎవరు నేర్పారు నీకు?"

కొత్త మరదలు కత్తెర కడిగి సొరుగులో పెట్టేసింది.

కత్తెరక్క లేచి నిలబడింది. డబ్బా బల్ల మీద పెట్టింది. "అది మా మరదలి కోత. దాని చేతి కోత చూడకుండా ఎవరికీ రాదు. నువ్వు ఈ ఇంటికి వచ్చింది అది పోయిన ఏడాదికి కదా. మరి ఎప్పుడు చూశావు? ఎక్కడ చూశావు?" అడుగుతుండగానే ఇంకో ఆలోచన పాములా తల ఎత్తింది. "అది మంచాన ఉండగానే ఈ ఇంటికి వచ్చేదానివా? నా తమ్ముడు ఉండగానా? నిజం చెప్పు. లేకపోతే ఇవన్నీ తీసి కిటికీలోంచి పారేస్తాను!"

ఓవెన్ తలుపు మీదకు చెయ్యి పోయింది. కొత్త మరదలు చటుక్కున అడ్డం వచ్చి, వీపు తలుపుకు ఆనించి నిలబడింది. అంతసేపూ గుమ్మడిపువ్వులా మెత్తగా ఉన్న మనిషి కళ్లలో నిప్పు కనబడింది.

"నన్ను ఏమన్నా అనండి వదినా. తలుపు మాత్రం తియ్యకండి. ఇప్పుడు తీస్తే కూలిపోతాయి. అవి పిచ్చుకవి."

చెయ్యి దించింది కత్తెరక్కే. ఆవిడ జీవితంలో అది కూడా చాలా అరుదు.

"ఆయన లేనప్పుడే వచ్చేదాన్ని" అంది కొత్త మరదలు. "ఆయన్ని నేను అప్పటికి చూడను కూడా లేదు. నా కోసం హోటల్‌కి వచ్చింది అక్కే, పిచ్చుక వాళ్లమ్మ. పోట్లాటకి వచ్చింది."

"పోట్లాటకా?"

"హోటల్ కౌంటర్ దగ్గర నిలబడి, ఈ ఎక్లేర్లు చేసినవాళ్లను పిలవండి అని ఒకటే గొడవ. నేను చేతులు తుడుచుకుంటూ వచ్చాను. ఏమ్మా, ఏం లోపం అంటే, లోపం లేకపోవడమే లోపం అంది. మా అమ్మాయి దీన్ని తినదు, దీనికి పగులు లేదు, వేలు పెట్టి క్రీము నాకడానికి చోటు లేదు, ఇదేం ఎక్లేర్ అంది. నాకు నవ్వాగలేదు. తనకూ ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ దగ్గొచ్చి అక్కడే కూలబడింది. అప్పటికే జబ్బు ముదిరిపోయింది వదినా. గరిటె తిప్పే ఓపిక చేతుల్లో లేదు. అందుకే షాపులెంట తిరిగింది పాపం, తను చేసేలాంటివి ఎక్కడైనా దొరుకుతాయేమో అని."

కత్తెరక్క స్టూలు మీద కూర్చుండిపోయింది. "పగులేంటి? దాని ఎక్లేర్లకు పగులుండేదా? నాకు పెట్టినవి..."

"అవి షాపువి వదినా." కొత్త మరదలు ఆ మాట ఎంత మెత్తగా చెప్పాలో అంత మెత్తగా చెప్పింది. "మీరొస్తున్నారని తెలిస్తే కొనుక్కొచ్చి పళ్లెంలో సర్దేదంట. తనవి డబ్బాలో పెట్టి దాచేసేదంట. మా వదిన చూస్తే ఇదేం కుట్టే, దారం తెగిందా అంటుంది, ఆ నోటికి దొరికితే నేను బతకను అని చెప్పి తెగ నవ్వేది. మీరంటే ఎంత ఇష్టమో, మీ నోరంటే అంత భయం."

కత్తెరక్కకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఏడుపే గెలిచింది. కొంగుతో మొహం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది. అద్దంలా ఉండేవి అద్దంలా ఉండేవి అని ఊరంతా చెప్పుకుని తిరిగిందే! ఆ పిచ్చిది ఒక్కసారి పగిలినవి తెచ్చి తన ముందు పెట్టి ఉంటే ఏమనేది తను? అనేది, నిజమే. ఏదో ఒకటి తప్పకుండా అనేది. ఆ సంగతి తెలిసే ఇంత ఏడుపొచ్చింది.

కొత్త మరదలు నేల మీద ఆవిడ పక్కనే చతికిలబడింది. "నా డ్యూటీ అయ్యాక మధ్యాహ్నాలు, పిచ్చుక బడిలో ఉన్నప్పుడు వచ్చేదాన్ని. ఇదిగో, సరిగ్గా ఇక్కడ, ఈ స్టూలు మీదే కూర్చునేది. నేను చేస్తుంటే అది కాదు, అది కాదు అనేది. పగలకుండా చెయ్యడం నేర్చుకోడానికి నాకు ఏళ్లు పట్టింది వదినా. చెఫ్‌ల చేత ఎన్ని తిట్లు తిన్నానో. అవన్నీ మర్చిపోయి పగులు తెప్పించమంటే చెయ్యి మాట వినదే! ఒకసారి పైన పగిలేది, ఒకసారి అడుగున పగిలేది. ఎడమ పక్కన, పిచ్చుక వేలు పట్టేంత పగులు రావాలి. గుడ్డు కొంచెం తగ్గించాలి, నాజిల్ పెట్టకూడదు, మంట ఎక్కువ పెట్టాలి. అన్నీ చేసినా రాలేదు. చివరికి ఒకరోజు తనే నీరసంగా లేచి ప్యాకెట్ కత్తిరించి ఇచ్చింది. అప్పుడు తెలిసింది, కిటుకంతా ఎడమచేతి కోతలో ఉందని."

ఓవెన్ గాజులోంచి వెలుతురు ఇద్దరి మొహాల మీదా పడుతోంది. లోపల పిండి గీతలు పొంగుతున్నాయి. చూస్తుండగానే ఒకదాని ఎడమ పక్క సన్నటి గీత కనబడింది. మెల్లగా విచ్చుకుంది. దాని పక్కది, ఆ పక్కది. బారంతా ఒకే వైపు, ఒకే తీరుగా.

"వచ్చింది" అంది కత్తెరక్క. తను గుసగుసగా మాట్లాడుతున్నట్టు ఆవిడకే తెలియలేదు. ఎన్నేళ్లు కష్టపడితే ఒక పని తప్పు లేకుండా వస్తుందో ఆవిడకు తెలుసు. వచ్చిన పనిని ఒక పసిపిల్ల వేలి కోసం కావాలని చెడగొట్టుకోవడం, ఆ చెడగొట్టడం కూడా ఇంత నిక్కచ్చిగా చెయ్యడం ఆవిడ ఎక్కడా చూడలేదు. తనవల్ల కాదు. చచ్చినా కాదు. వంకర కుట్టు కుట్టమంటే తన చేతులే పడిపోతాయి. ఈ పిల్ల చేతులకు దండం పెట్టాలి.

"మరి ఇదంతా ఎందుకు దాచావే?" అంది. ఎప్పుడు 'ఏమే'లోకి దిగిపోయిందో ఇద్దరూ గమనించలేదు.

"ఆయనకు చెప్పొద్దని అక్క ఒట్టు వేయించుకుంది. తను పోయాక పిచ్చుకను తీసుకుని ఆయన హోటల్‌కి వస్తాడని తనకు తెలుసు. పిల్ల ఎక్కడా తినకపోతే షాపులన్నీ తిరిగి ఏదో ఒకనాటికి తప్పకుండా వస్తాడు, నువ్వు మాత్రం రోజూ ఒక్కటైనా పగిలింది చేసి కౌంటర్లో ఉంచు అంది. ఉంచాను. రోజూ చెఫ్ తిట్టేవాడు, ఉంచాను. ఆయన్ని చేసుకోమని మాత్రం ఎప్పుడూ అనలేదు వదినా. ఇవి చేసిపెట్టే మనిషి ఒకరు పిల్లకు ఉండాలి అంది, అంతే. అబద్ధం ఎందుకు, ఈ ఇంటికి మొదట వచ్చింది పిచ్చుక కోసమే, అక్కకిచ్చిన మాట కోసమే. తర్వాత..." ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. "తర్వాత సంగతి ఆయనకు చెప్పుకోవాలి గానీ మీకెందుకు చెప్తాను."

కత్తెరక్క కన్నీళ్ల మధ్యే పక్కున నవ్వేసింది. ఆమె తల దగ్గరకు లాక్కుని గుండెకు అదుముకుంది. "పిల్లను నేనెక్కడికీ తీసుకెళ్లను. ఎవరైనా తీసుకెళ్తానని వస్తే వాళ్ల కాళ్లు విరగ్గొడతాను. సాయంత్రం బస్సు కూడా ఎక్కను. నాలుగు రోజులుండి ఇవి తినే పోతాను. ఆ పగిలినవి. తెలిసిందా?"

కొత్త మరదలు నవ్వబోయి, ఆగిపోయింది. ఆమె చూపు కత్తెరక్క భుజం మీదుగా గుమ్మం దాటి నిలిచింది.

తమ్ముడు నిలబడి ఉన్నాడు. చేతిలో పనిముట్ల సంచి. బూట్లు కూడా విప్పలేదు.

"ఎప్పుడొచ్చావురా?" అంది కత్తెరక్క.

"చాలాసేపైంది."

అక్క వైపు చూడలేదు. భార్య వైపే చూస్తున్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదని కత్తెరక్కకు అనిపించింది.

"ఇది అమ్మది అంది నా కూతురు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను మళ్లీ మనిషినయ్యాను. నన్ను పైనుంచి ఎవరో చూస్తున్నారనుకున్నా. నిన్ను నేనే వెతుక్కున్నాననుకున్నా. ఆవిడా నువ్వూ కూర్చుని మాట్లాడేసుకున్నారన్నమాట, నేను ఎప్పుడొస్తానో, ఎలా వస్తానో! నా ఇంట్లో, నా వంటింట్లో. నన్నొక్కణ్ణే అడగలేదు."

"మీకు చెప్పొద్దని అక్క ఒట్టు..."

"ఆవిడ పోయింది. ఆవిణ్ణి నేనేం అడగలేను. నువ్వున్నావు కదా? ఏడాదిగా నా పక్కనే ఉన్నావు కదా? ఈ కథ నేను ఎంతమందికి చెప్పానో నీకు తెలుసు. చెప్తున్నప్పుడల్లా పక్కన కూర్చుని విన్నావు."

ఆమె కత్తెరక్క చేతుల్లోంచి విడిపించుకుని లేచి నిలబడింది. అతను అన్నది నిజమేనని కత్తెరక్కకు కూడా తెలిసిపోయింది.

"ఒరేయ్, ముందు నువ్వు కూర్చో. కాసిని మంచినీళ్లు తాగు. ఆ పిల్ల ఏ పాపం..."

"పిచ్చుక బట్టలు సర్దు అక్కా."

"వద్దురా! నేను తీసుకెళ్లనని ఇప్పుడే కదా చెప్పింది. వినలేదా?"

"విన్నాను." సంచి కింద పెట్టాడు. అందులో ఇనుము ఘల్లుమంది. "పిల్లవి సర్దు. దాంతోపాటు నావి కూడా సర్దు."